చీరకు ఏడేళ్లు, లక్షలకు స్టేషన్ బెయిల్

దుకాణంలో రెండు వేల రూపాయల చీర సంచిలో దాచుకుని దొరికిపోయిన మనిషి ఒకరు. పోలీసు అధికారినంటూ వీడియో కాల్‌లో బెదిరించి ఓ పింఛనుదారు ఖాతా ఊడ్చేసినవాడు ఇంకొకడు. వీళ్లలో ఎవరు పెద్ద నేరస్థులో తేల్చాల్సింది చట్టం. తేలుస్తున్నది మాత్రం ఎఫ్‌ఐఆర్‌ రాసే చెయ్యి.

ఐపీసీ స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత చిల్లర దొంగతనంపై కనికరం చూపిందని ఊరూరా చాటారు. 303(2) సెక్షన్ ప్రకారం సొత్తు విలువ 5,000 రూపాయల లోపుండి, మొదటిసారి నేరం రుజువై, సొత్తు తిరిగిచ్చేస్తే సమాజ సేవే శిక్ష. బాగుంది. రెండు సెక్షన్ల అవతలే 305 కాచుకుని ఉంది. ఇంట్లోనైనా, సొత్తు భద్రపరిచే కట్టడంలోనైనా దొంగిలిస్తే ఏడేళ్ల దాకా జైలు, పైగా నాన్‌ బెయిలబుల్. దుకాణం అలాంటి కట్టడం కాదని ఏ స్టేషన్ రైటర్ అంటాడు? ఐదు వేల గీత ఆ సెక్షన్లో లేనే లేదు. చీర అదే, చెయ్యి అదే, అంకె ఒక్కటే వేరు.

ఇక ఆన్‌లైన్ మోసం. ఐటీ చట్టం 66డి కింద గరిష్ఠంగా మూడేళ్లు, లక్ష రూపాయల జరిమానా. మూడేళ్ల నేరాలకు బెయిలివ్వాల్సిందేనని అదే చట్టంలో 77బి చెబుతోంది. మారుపేరుతో మోసగించడానికి సంహితలోని 319 ఐదేళ్లంటుంది, అదీ బెయిలబులే. మోసగించి సొమ్ము ఇప్పించుకోవడంపై ఉన్న 318(4) తోడైతేనే ఏడేళ్లు, అప్పుడే బెయిలుకు కోర్టు మెట్లెక్కాలి. మళ్లీ అంకెల ఆటే.

చిన్న దొంగల్ని వదిలేస్తే దుకాణాలు మూసుకోవాలని వ్యాపారులంటారు. వాళ్ల బాధ నిజమే. కానీ ఒకరిపై బరువైన సెక్షన్, మరొకరిపై తేలికైనది ఎందుకు పడిందో ఎవరూ రాసిపెట్టరు.

బాధితుడికి కావాల్సింది డబ్బు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేసి యూటీఆర్ నంబర్ (బ్యాంకు లావాదేవీ గుర్తింపు సంఖ్య), బదిలీ సమయం చెబితే మొదటి ఖాతాలో మిగిలింది ఆపగలరు. గంట దాటితే అది మోసగాళ్లు డబ్బిచ్చి వాడుకునే ఇతరుల అద్దె ఖాతాలు నాలుగైదు మారి ఏటీఎంలో నోట్లయిపోవచ్చు. నేరసొమ్ము జప్తు చేయించి కలెక్టర్ చేత బాధితులకు పంచే దారి నేర విచారణ పద్ధతుల చట్టమైన నాగరిక్ సురక్షా సంహిత 107లో ఉంది. 318(4) రాయడానికే బద్ధకించేచోట 107 దాకా ఎవరు పోతారు?

ఒక్క పేజీ సర్క్యులర్ చాలు: దుకాణం చోరీకి 305 పెడితే కారణం రాయాలి, ఆన్‌లైన్ మోసానికి 318(4) పెట్టకపోయినా రాయాలి. ఆ పేజీ రాయించలేని హోం శాఖ, శిక్షలు పెంచుతామంటూ మైకు పట్టుకోవడం మానాలి.