ట్రైపాడ్ గారికి ఒక విన్నపం

కెమెరాను మోసే మూడు కాళ్ల స్టాండు, మహారాజశ్రీ ట్రైపాడ్ గారికి, బెంగళూరులో తెలుగువారి పెళ్లిళ్లకు వీడియోలు తీసి బతుకుతున్న ఒకడు నమస్కరించి వ్రాయునది ఏమనగా:

తమరికి కటకం లేదు, బ్యాటరీ లేదు, ఎవరి ముఖాన్నీ బంధించే శక్తి అసలే లేదు. అయినా ఈ నగరంలో బహిరంగ చిత్రీకరణ మీద ఉన్న అనుమానమంతా తమరి మీదనే ఉన్నది. ఆగస్టులోనూ జనవరిలోనూ లాల్‌బాగ్ గ్లాస్ హౌస్‌లో పూల ప్రదర్శనకు వచ్చే జనమంతా ఫోన్లెత్తి, పూలతో పాటు పక్కవారి పిల్లలను కూడా చిత్రించి లోకానికి పంచినా అది వినోదమే. అదే తోటలో మనిషి అలికిడి లేని వేకువన తమరు కాళ్లు విప్పితే మాత్రం అది షూటింగు. వామనుడికి మూడడుగులు ఇవ్వడానికి బలి చక్రవర్తి వెనుకాడలేదు గాని, మన కాపలాదారు మాత్రం “పర్మిషన్ ఇదెయా?” (అనుమతి ఉందా?) అని కన్నడంలో అడుగుతూ ఎదురుగా వచ్చి నిలుస్తాడు.

పురావస్తు శాఖ కనీసం దాపరికం లేకుండా చెప్పింది. 1791లో పూర్తయిన టిప్పు వేసవి విడిదిలో చేతి కెమెరాకు అడ్డు లేదు, స్టాండుకు ముందస్తు అనుమతి కావాలి. స్టాండు వెంట దీపాలు, పెట్టెలు, పదిమంది మనుషులు దిగే రోజుల్లో ఈ పట్టింపుకు అర్థం ఉండేది. జేబులోని ఫోనే సినిమా తీయగల ఈ రోజుల్లో మిగిలిన తేడా ఒక్కటే: దృశ్యం వణికితే సరదా, నిలకడగా ఉంటే వ్యాపారం.

బహిరంగ స్థలంలో శాశ్వతంగా నెలకొన్న విగ్రహాన్ని సినిమాలో చూపడం హక్కుల ఉల్లంఘన కాదని 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ అంటుంది. అయితే విగ్రహం ముందున్న నేల ఎవరిదో అది చెప్పదు. పార్కు ఉద్యాన శాఖది, కాలిబాట నగరపాలికది, రోడ్డు మీద పెత్తనం ట్రాఫిక్ పోలీసులది, నెత్తిన వంతెన మెట్రోది; ఎం.జి. రోడ్డు మీద తమరి మూడు కాళ్లూ మూడు కార్యాలయాల హద్దుల్లో పడే ప్రమాదం ఉన్నది. తమరి తర్వాత పుట్టిన డ్రోనుకు 2021 నిబంధనలు ఆకాశాన్నే పటం మీద రంగులుగా పంచి ఇచ్చాయి. పచ్చ రంగు ఉన్నచోట 400 అడుగుల ఎత్తు వరకు ముందస్తు అనుమతి అక్కరలేదు. నేల మీద నాలుగడుగులు లేచే తమరికి అటువంటి పటం ఎవరూ గీయలేదు, ఎక్కడ నిలబడకూడదో నిలబడ్డాకే తెలుస్తుంది.

ప్రీవెడ్డింగ్ పేరుతో పార్కు దారికి అడ్డంగా రంగుపొగ వదిలి, నడకకు వచ్చిన పెద్దలను పక్కకు తప్పుకోమనేవారి మీద రుసుము వేయడం న్యాయమే. వారు ఎంత దారి ఆక్రమించారు, ఎంతసేపు, ఎంతమందితో అని లెక్క కట్టవలసింది పోయి కాళ్లు లెక్కపెడితే ఎలా?

కావున, ఈసారి దరఖాస్తులో పరికరాల గడి వచ్చినప్పుడు తమరి పేరు వ్రాయదలచుకోలేదు. మా అసిస్టెంటుకు మోకాళ్ల నొప్పి ఉన్నది గనుక, తమరిని చేతికర్రగా నమోదు చేయిస్తాను. గేటు దాటే వరకు దయచేసి కాళ్లు ముడుచుకొని ఉండగలరు.