వార్ప్ 10లో వడియాలు

మా వాచ్‌మన్ మేనల్లుడి పెళ్లికని శ్రీకాకుళం వెళ్లాడు. ఆయన తిరిగొచ్చేదాకా మోటారు వేసి ఆపే పని ఫ్లాటుకో రోజు చొప్పున పంచి, ప్రెసిడెంటుగారు లిఫ్టు పక్కన కాగితం అంటించారు. అడుగున ఎర్రసిరాతో ‘ఆపుట మరువరాదు’ అని రాసి, దాని కింద రెండు గీతలు కూడా గీశారు. విశాఖ ఎంవీపీ కాలనీలో మాది పాత బిల్డింగు. కొళాయి నీళ్లు పొద్దున్నే సంపులోకి వస్తాయి, వాటిని డాబా మీది ట్యాంకుకి ఎక్కించాలి. నలభై అయిదు నిమిషాల పని. రైవాడ రిజర్వాయరు నుంచో తాటిపూడి రిజర్వాయరు నుంచో అంతదూరం నడిచొచ్చిన నీళ్లు కదా, చుక్క కింద పోసినా పాపమని మా ఆవిడ నమ్మకం.

ఆదివారం వంతు నాకు పడింది. మా ఆవిడ అప్పుడే ప్రెసిడెంటుగారితో అంది, “మా ఆయనకి ఇంకే రోజైనా వెయ్యండి అన్నయ్యగారూ. ఆదివారం పొద్దున్న ఆయన ఒంట్లో ఆయనుండరు.” ఆయన నవ్వి ఊరుకున్నారు. తర్వాత నవ్వలేదు.

ఆదివారం పొద్దున్న డాబా మీద మా స్టార్ ట్రెక్ సభ జరుగుతుంది. అంతరిక్షంలో తిరిగే ఓడల కథలు చెప్పే అమెరికన్ టీవీ సీరియల్ అది. సభ్యులం ముగ్గురం. నేను, మూడో అంతస్తు ఫిజిక్సు మాస్టారు, డాక్‌యార్డులో పనిచేసే మా బావమరిది. నేనూ మాస్టారూ ఎనభైల్లో దూరదర్శన్‌లో ఆదివారం పొద్దున్నే ఓడ కెప్టెన్ కిర్క్‌నీ, అతని తోటి అధికారి స్పాక్‌నీ చూసి పాడైపోయిన వాళ్లం. వాడు లాప్‌టాప్‌లో చూసి పాడయ్యాడు. సభలో చర్చ మాత్రం ఒక్కటే: మొత్తం స్టార్ ట్రెక్‌లో అతి చెత్త ఎపిసోడ్ ఏది?

మంచి ఎపిసోడ్ల గురించి ఎందుకు మాట్లాడుకోరని మా ఆవిడ ఒకసారి అడిగింది. మాట్లాడుకుని చూశాం. “ఎంత బాగుందో” అని ఒకరంటాం, “అవును” అని మిగతా ఇద్దరూ అంటారు, టీ చల్లారిపోతుంది. చెత్తలో ఆ ఇబ్బంది లేదు. 1966లో మొదలైన కథ. మొదటి సీరియలే 79 ఎపిసోడ్లు, రెండోది 178, ఆ తర్వాతవి ఇంకా ఉన్నాయి. తవ్వుకున్నవాడికి తవ్వుకున్నంత.

ఆ రోజు తొమ్మిదిన్నరకి మోటారు వేశాను. మరిచిపోతానేమోనని ఫోన్‌లో అలారం కూడా పెట్టాను. నా జాగ్రత్త చూసి నాకే ముచ్చటేసింది. పెట్టిన ఫోన్‌ని ఇంట్లో చార్జింగుకి వదిలేసి డాబా ఎక్కాను.

పైన కింది వాటా పిన్నిగారి వడియాలు ఎండుతున్నాయి. బూడిద గుమ్మడికాయ వడియాలు. ముందురోజు రాత్రి ముక్కలకి ఉప్పు పట్టించి, గుడ్డలో మూట కట్టి, రుబ్బురోలు కింద పెట్టి నీరంతా తీసి, తెల్లారగట్ల లేచి గట్టిగా రుబ్బిన మినప్పిండిలో కలిపి పెట్టినవి. తెల్లటి పాత పంచె మీద వరసలు వరసలుగా ఉన్నాయి. పిన్నిగారిది టెక్కలి దగ్గర. మమ్మల్ని చూసి, “ఎలాగూ మీరు ఇక్కడే కూకుంటారు గదా బాబూ, కాస్త కాకుల్ని చూడండి” అని అప్పగించి కిందికి దిగిపోయింది.

ఒక్క విషయం మాత్రం ప్రమాణం చేసి చెప్పగలను. ఒక్క కాకి కూడా వాలలేదు.

ట్యాంకు నీడలో మూడు ప్లాస్టిక్ కుర్చీలు వేసుకున్నాం. మా బావమరిది మొదలెట్టాడు. వాడి అభ్యర్థి ఎప్పుడూ ‘స్పాక్స్ బ్రెయినే’.

“1968 సెప్టెంబర్ 20, బావా. మూడో సీజన్ మొదటి ఎపిసోడ్. శుభమా అని మొదలెడుతూ ఎవడైనా ఇది వేస్తాడా? ఒకావిడ ఓడలోకి వస్తుంది, చేతి గాజు మీద మీట నొక్కుతుంది, అందరూ పడిపోతారు. లేచి చూస్తే స్పాక్ మెదడు లేదు! జేబులో పర్సు కొట్టేసినట్టు కొట్టేసింది. సరే, మెదడు పోయిన మనిషిని మంచం మీద పడుకోబెట్టాలా వద్దా? డాక్టరు ఆయన నెత్తికి ఏదో తగిలించి, చేత్తో రిమోటు నొక్కుతూ వెంట నడిపించుకుపోతాడు. కుడికంటే కుడికి, ఎడమకంటే ఎడమకి.”

“మా ఇంట్లో రోజూ జరిగేదే” అన్నాను.

“ఆ మెదడుని తీసుకెళ్లి ఏం చేశారో చెప్పు! భూమి అడుగున ఊరు కట్టుకుని, ఆ ఊరికి గాలి ఆడించడానికీ, వేడి పెట్టడానికీ, నీళ్లు శుద్ధి చెయ్యడానికీ పెట్టుకున్నారు. ఆఖర్న ఆపరేషను మధ్యలో స్పాకే లేచి, ఏ నరం ఎక్కడ కలపాలో డాక్టరుకి చెప్తాడు.”

మాస్టారు టీ గ్లాసు కింద పెట్టారు. ఆయన గ్లాసు కింద పెడితే ఇక ‘థ్రెషోల్డే’.

“అది వెర్రి కథ. వెర్రిని క్షమించొచ్చు. ‘థ్రెషోల్డ్’ చూడవయ్యా, వోయేజర్ అనే సీరియల్ రెండో సీజను, 1996. సైన్సు పేరు చెప్పి చేసిన పాపం అది. వార్ప్ అంటే ఓడ వేగానికి కొలత, వార్ప్ 10 అంటే అనంతమైన వేగం. అనంతమైన వేగంతో వెళ్లేవాడు విశ్వంలో అన్నిచోట్లా ఒకేసారి ఉంటాడు. అంతవరకూ బాగుందయ్యా! అన్నిచోట్లా ఉన్నవాడు ఇంటికొచ్చాక ఏం కావాలి?”

“బల్లి” అన్నాడు మా వాడు.

“బల్లి కాదు, సాలమాండర్. ఉభయచరం.” ఈ దిద్దుబాటు మాస్టారు ఎన్ని ఆదివారాలుగా చేస్తున్నారో లెక్కలేదు.

“అయినా మాస్టారూ, కిర్క్ కాలంలో ఓడ వార్ప్ 14 దాటింది కదా. అప్పుడెవరూ బల్లి కాలేదే?”

“అది పాత స్కేలు. రెండో సీరియల్ నాటికి స్కేలు మార్చి, పదిని అనంతం చేశారు.” మాస్టారు గాల్లో గీత గీశారు, ఇటు తొమ్మిది, అటు పది, మధ్యలో ఎప్పటికీ చేరుకోలేని వంపు. ఆ వంపు గీసేటప్పుడు ఆయన మొహంలో ముప్పయ్యేళ్ల క్లాసురూము కనిపిస్తుంది.

“చెత్త అంటారుగానీ మాస్టారూ, దానికి ఎమ్మీ అవార్డు వచ్చింది.”

“మేకప్‌కి.”

“మేకప్‌కైతేనేం, వచ్చిందా లేదా?”

ఇక నాది. నా ఓటు ‘షేడ్స్ ఆఫ్ గ్రే’కి. 1989లో రెండో సీరియల్ రెండో సీజను ఆఖరి ఎపిసోడ్. అంతకుముందు ఏడాది హాలీవుడ్ రచయితల సమ్మె జరిగి ఆ సీజను 26 నుంచి 22 ఎపిసోడ్లకి తగ్గింది, చివరికొచ్చేసరికి డబ్బులు కూడా తడుముకున్నారు. ఏం చేశారు? ఓడలో కెప్టెన్ తర్వాతివాడైన రైకర్ కాలికి ఏదో ముల్లు గుచ్చుకుంటుంది. మనిషి మంచమెక్కుతాడు. పడుకుని పాత ఎపిసోడ్లు గుర్తు తెచ్చుకుంటాడు, మనకీ చూపిస్తారు. అయిపోయింది. వెర్రి కథ రాయడానికైనా ఒకడు కూర్చోవాలి కదా. మిగిలిన అన్నానికి తిరగమోత పెట్టి, ఇవాళ పులిహోర అంటే ఊరుకుంటామా?

“అది చెత్త కాదు బావా, బద్ధకం” అన్నాడు మా వాడు.

“బద్ధకమే అసలు చెత్త” అన్నాను. అక్కణ్నుంచి గొంతులు లేచాయి.

గొంతులతో పాటు ఇంకో చప్పుడు కూడా లేచింది. వెనకాల గలగలమంటోంది. “సముద్రం ఇవాళ హుషారుగా ఉంది” అన్నాడు మా వాడు. సముద్రం పక్కనే పనిచేసేవాడు అంటే నమ్మాలి కదా. మాకు బీచి ఎంత దూరమో మాకెవరికీ ఆ క్షణాన తట్టలేదు.

కింద ఇంట్లో అలారం మోగిందట. నేను నిద్ర లేవడానికి పెట్టుకున్నదనుకుని మా ఆవిడ ఆపేసిందట. కాసేపటికి అనుమానమొచ్చి తమ్ముడికి ఫోన్ చేసింది. ఆ ఫోన్‌లోనే వాడు మాస్టారికి సాలమాండర్ బొమ్మ చూపిస్తున్నాడు. బొమ్మ మీద ‘అక్క’ అని వచ్చింది. కరివేపాకుకి తప్ప అక్క చెయ్యదని కట్ చేశాడు. మళ్లీ వచ్చింది. మళ్లీ కట్ చేశాడు.

మాస్టారు ఊపులో ఉన్నారు. “ఇంకో దరిద్రం చూడండి. వార్ప్ 10 వెళ్లొచ్చిన ఆ పారిస్ కుర్రాడు కాఫీ తాగి పడిపోతాడు. ఎందుకూ? నీళ్లు పడవు వాడికి! మనిషి ఒంట్లో ఉండేదే నీళ్లు. నీళ్లంటే ఎలర్జీయా? నీళ్లు!” అంటూ కాళ్లు రెండూ ఎత్తి కుర్చీలో బాసింపట్టు వేసుకున్నారు. మాట ఆపకుండానే వేసుకున్నారు. మా బావమరిది కూడా వేసుకున్నాడు. వాళ్లు వేసుకున్నారు కదా అని నేనూ వేసుకున్నాను. పాదాలు చల్లగా తగిలాయని ఒంటికి తెలిసింది, మనసుకి ఎవరూ చెప్పలేదు.

నా చెప్పు ఒకటి ముందు నుంచి నెమ్మదిగా వెళ్లిపోతుంటే అప్పుడు చూశాను. దాని వెనకాలే మాస్టారి చెప్పు. వాటి వెనకాల తెల్లగా ఒక వడియం.

డాబా తూములో సంక్రాంతి నాటి గాలిపటం ముక్క ఇరుక్కుందట. ట్యాంకు నిండి పొర్లిన నీళ్లకి దారి లేదు. పంచె ఒక మూల నుంచి లేచి తేలుతోంది. వడియాలు ఒక్కొక్కటే విడిపోయి, పిండి పిండిగా కరిగి, నీళ్లన్నీ పాలలా అయ్యాయి. మధ్యలో పచ్చిమిరపకాయ ముక్కలూ జీలకర్రా తిరుగుతున్నాయి.

మూడోసారి ఫోన్ మోగింది. ఎత్తాడు. స్పీకర్ నొక్కకుండానే వినిపించింది. “మోటారు!”

ఫోన్ లాక్కుని పరిగెత్తాను. ఆ తర్వాత నా ఒంట్లో మెదడు లేదు. మా ఆవిడే నడిపించింది. “ముందు మెట్లు దిగండి. లిఫ్టు కోసం ఆగకండి. కిందికి. ఇంకా కిందికి. మెట్ల కింద బోర్డుంటుంది. ఎడమ పక్క. స్విచ్ ఆపండి.” ఆపాను. గలగల ఆగలేదు. లిఫ్టు ఆగింది. లోపలి నుంచి పిన్నిగారి గొంతు, “ఏటయ్యింది? ఎవులున్నారు?”

వడియాలు తిరగెయ్యడానికి పైకి బయలుదేరిందావిడ. మొదటి అంతస్తుకీ రెండో అంతస్తుకీ మధ్య ఉంది.

“ఏమండీ, మీ ఎడమ కాదు, బోర్డుకి ఎడమ!” అంది ఫోన్.

బోర్డుకి ఎడమ ఏమిటో ఇప్పటికీ నాకు తెలీదు. ఉన్నవన్నీ నొక్కాను. మోటారు ఆగింది, లిఫ్టు కదిలింది, ప్రెసిడెంటుగారి ఇంట్లో టీవీ ఆగిందని తర్వాత తెలిసింది.

మెట్లెక్కి పైకి వెళ్లేసరికి పిన్నిగారు తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. మాస్టారు ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, తూములో చెయ్యి పెట్టి గాలిపటం లాగుతున్నారు. మా బావమరిది రెండు చేతుల్తో పంచె పట్టుకుని, దాని మీద మిగిలిన ఆరేడు వడియాల్ని పసిపిల్లల్లా మోస్తున్నాడు. పిన్నిగారు ఒక్క తిట్టు తిట్టలేదు. “కాకులు రాలేదు కదా బాబూ?” అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్నకి మా ముగ్గురి దగ్గరా జవాబుంది, చెప్పడానికి నోరు రాలేదు.

మా ఆవిడ మాత్రం వెనకాలే వచ్చి చెప్పాల్సింది చెప్పింది. స్పాక్ కథ తమ్ముడు చిన్నప్పట్నుంచీ చెప్పి చెప్పి ఆవిడకి కంఠతా వచ్చు. “అక్కడ ఒక్క మెదడు ఊరంతటికీ నీళ్లు చూసుకుంది. ఇక్కడ మూడు మెదళ్లు కూర్చుని ఒక్క మోటారు చూసుకోలేకపోయారు.”

తీర్పు పిన్నిగారే ఇచ్చింది. వచ్చే ఆదివారం గుమ్మడికాయ, మినప్పప్పు మావి. కొయ్యడం, రుబ్బించడం, పెట్టడం మావే. కాకుల సంగతి తను చూసుకుంటుంది.

ఆ ఆదివారం సభ పంచె చుట్టూ జరిగింది. మాస్టారి వడియాలు సమాన దూరాల్లో, గళ్ల కాగితం మీద చుక్కల్లా ఉన్నాయి. మా వాడివి బీచిలో కురుసుర జలాంతర్గామిలా కోలగా వస్తున్నాయి. నాకు పిండి వేళ్లు వదలట్లేదు. “చెయ్యి తడి చేసుకో బాబూ, మీ దగ్గర నీళ్లకి కొదవేటి?” అంది పిన్నిగారు, కర్ర పట్టుకుని కుర్చీలో కూర్చుని. కాసేపాగి, “ఇంతకీ ఆ రోజు దేని గురించి అంత గొడవ?” అంది.

చెప్పాం. ముందు మెదడు కథ. “బాగానే ఉంది” అంది. తర్వాత ముల్లు కథ. “పోనీలెద్దూ, డబ్బుల్లేవు పాపం” అంది. నా వాదన అక్కడితో పోయింది. తర్వాత మాస్టారు ‘థ్రెషోల్డ్’ ఎత్తుకున్నారు. స్కేలు, వంపు, అనంతం, కాఫీ అన్నీ విన్నది. పారిస్ ఓడ కెప్టెనమ్మని ఎత్తుకెళ్లడం, ఇద్దరూ ఆ సాలమాండర్లయిపోయి, బురదలో పిల్లల్ని కనడం, ఓడవాళ్లు వెతికి పట్టుకుని ఇద్దర్నీ మళ్లీ మనుషుల్ని చెయ్యడం.

“మరి పిల్లలు?” అంది పిన్నిగారు.

“అక్కడే వదిలేశారండీ.”

కర్ర కింద పెట్టింది. “కన్నపిల్లల్ని బురదలో వదిలేసి ఓడెక్కి ఎల్లిపోయిందా ఆ తల్లి? మీరేమో బల్లా, తొండా అని దెబ్బలాడుకుంటన్నారా ఇన్నాళ్లూ?”

మాస్టారు సాలమాండర్ అని దిద్దలేదు. చేతిలో పిండి ముద్దతో అలాగే ఉండిపోయారు. ఇన్నేళ్ల చర్చలో మాకెవరికీ ఆ పిల్లలు గుర్తు రాలేదు.

ఇంకో రెండు వరసలు మిగిలాయి. మాట మార్చడానికి మా బావమరిది ‘సబ్ రోజా’ చెప్పాడు. రెండో సీరియల్‌లో 1994 నాటిది, అది కూడా చాలామంది చెత్త జాబితాలో ఉండేదే. ఓడలోని డాక్టరు క్రషర్ తన అమ్మమ్మ అంత్యక్రియలకి వెళ్తుంది. స్కాట్లండులా కట్టుకున్న ఊరు, పొగమంచు, పాత ఇల్లు, ఒక కొవ్వొత్తి. ఆ కొవ్వొత్తిని అంటిపెట్టుకుని ఒకడుంటాడు, వాళ్ల వంశంలో ఆడవాళ్లని తరతరాలుగా వలచినవాడు. అమ్మమ్మ పోయింది, ఇప్పుడు మనవరాలి వెంట పడ్డాడు.

పిన్నిగారు కుర్చీ ముందుకు జరుపుకుంది. “ఆ కొవ్వొత్తి ఆర్పెయ్యాలని ఆవిడకి తెలీదా?”

“చివర్లో తెలుస్తుందండీ.”

“ఇది చెత్తదా? మీకు బుర్రలున్నాయా? ఇంత మంచి కథ పెట్టుకుని నాకు కాకులు చూపిస్తన్నారా?” అని మెట్ల వైపు తిరిగి మా ఆవిడని కేకేసింది. “అమ్మాయ్, శుక్రవారం రాత్రి మీ ఇంట్లో టీవీ ఖాళీయేనా? నాలుగో అంతస్తు కోడలికీ, ప్రెసిడెంటుగారి ఆవిడకీ కూడా చెప్పు.”

శుక్రవారం రాత్రికి పదకొండు మంది వస్తున్నారు. కుర్చీలు మోసేది మేం ముగ్గురమే. మోటారు వంతు కూడా ఆ రోజు నాదేనట, ప్రెసిడెంటుగారు దాన్ని కొట్టేసి పక్కన మా ఆవిడ పేరు రాశారు.