హైదరాబాద్–చికాగో: చుట్టూ తిప్పడం కాదు, అదే దగ్గర దారి

"హైదరాబాద్ నుంచి చికాగోకు తిన్నగా పడమటికి పోతే దగ్గర, డబ్బులు గుంజడానికి రష్యా, గ్రీన్‌లాండ్ మీదుగా తిప్పుతున్నారు" అని ఒక మ్యాపు బొమ్మతో వాట్సాప్‌లో మెసేజ్ తిరుగుతోంది. కూతురి కాన్పుకు చికాగో వెళ్లబోతున్న మా పిన్ని అది చూసి, "అంత మంచు మీదుగా ఎందుకురా?" అని టెన్షన్ పడుతూ ఫోన్ చేసింది. ఆ మెసేజ్ పూర్తిగా తప్పు.

మ్యాపు చదును, భూమి గుండ్రం. చాలా మ్యాపుల్లో ఉత్తరానికి పోయేకొద్దీ నేలను సాగదీసి చూపిస్తారు, మన దేశం కంటే చిన్నదైన గ్రీన్‌లాండ్ అందుకే అంత పెద్దగా కనిపిస్తుంది. ఒక బత్తాయి తీసుకుని, నడుముకు కాస్త పైన ఒక చుక్క, దాదాపు అవతలి వైపు అదే ఎత్తులో ఇంకో చుక్క పెట్టి దారం బిగించి లాగండి, అది తొడిమ పక్కనుంచే పోతుంది. నేను లెక్క కట్టాను: ఆ ఉత్తరపు దారి దాదాపు 13,300 కిలోమీటర్లు, మెసేజ్‌లోని గీత పట్టుకుని పోతే 16,000 దాటుతుంది. మా పిన్ని దోహాలో దిగి విమానం మారినా రెండు ముక్కలూ కలిపి 14,400 లోపే!

"భూమి తూర్పుకు తిరుగుతుంది కాబట్టి పడమటికి త్వరగా చేరాలి, కావాలనే ఆలస్యం చేస్తున్నారు" అన్నది ఆ మెసేజ్‌లోనే రెండో మాట. గాలి కూడా భూమితో పాటే తిరుగుతుందండీ. లేకపోతే శంషాబాద్ పైన గంటసేపు నిలబడిన హెలికాప్టర్ 1,600 కిలోమీటర్ల అవతల అరేబియా సముద్రంలో దిగాలి. న్యూయార్క్ నుంచి లండన్‌కు సుమారు 7 గంటలు, పడమటికి తిరిగి రావడానికి 8. తేడా తెచ్చేది పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ గాలి.

ఆ గాలి బలం ఎంతో 2016 అక్టోబర్‌లో తేలింది. ఎయిర్ ఇండియా తన ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ దారి మాన్పించి పసిఫిక్ మీదుగా పంపింది. 13,900 కిలోమీటర్లు కాస్తా 15,300 అయ్యాయి, అయినా వెనకనుంచి గాలి తోయడంతో సుమారు రెండు గంటలు ముందే చేరింది. దూరం తగ్గితే సమయమూ తగ్గి తీరాలన్న మూడో వాదన అక్కడే పోయింది. నిజంగా చుట్టూ తిరగాల్సి వచ్చే సందర్భాలూ ఉన్నాయి, 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసేసినప్పుడు అదే జరిగింది. దానివల్ల కంపెనీలకు ఇంధనం ఖర్చు పెరిగింది తప్ప లాభం రాలేదు.

ఇక "మధ్యాహ్నం 1కి ఎక్కి అదే రోజు సాయంత్రం 6కి దిగుతారు, అంటే ప్రయాణం ఐదు గంటలే" అన్నది. చలికాలంలో చికాగో మనకంటే పదకొండున్నర గంటలు వెనక. అది కలపండి, పదహారున్నర. పిన్నికీ అదే చెప్పాను: గంటలు చాలానే పడతాయి, మధ్యమధ్యలో లేచి నాలుగడుగులు వెయ్యి, లేకపోతే కాళ్లు వాస్తాయి.