మచ్చ లేని ఎముక ఆరోగ్యానికి గుర్తు కాదు

పాత అస్థిపంజరాల్లో జబ్బుల ఆనవాళ్లు వెతుకుతూ జీవితమంతా గడిపిన పరిశోధకురాలి గురించి మీరు రాసిన వ్యాసం చదివాను, బాగుంది. ఒక్క మాటతో మాత్రం ఏకీభవించను. ఎముకల మీద మచ్చలు లేవు కాబట్టి ఆనాటి వాళ్లు ఆరోగ్యవంతులని రాశారు. కలరా వంటి జబ్బు మనిషిని రోజుల్లోనే తీసుకుపోతుంది, ఎముకను తాకే వ్యవధి ఎక్కడిది? మచ్చ పడిందంటే ఆ మనిషి జబ్బుతో చాలాకాలం బతికాడన్నమాట.

రాజస్థాన్‌లోని బాలాథల్‌లో సుమారు 4,000 ఏళ్ల నాటి అస్థిపంజరంలో కుష్ఠు ఆనవాళ్లున్నట్లు 2009లో ప్రచురించారు. ముక్కు, పైదవడ దగ్గర ఎముక అరిగిపోయింది. అంత ముదిరేదాకా అతనికి ఎవరో ఒకరు అన్నం పెట్టే ఉంటారు కదా!

మాది మహారాష్ట్రలోని సిరొంచ. మా తాతగారి తమ్ముడికి ‘పెద్దరోగం’ (కుష్ఠు) వస్తే ఊరి చివర పాకలో ఉంచారట. చివరికి వరోరా దగ్గర కుష్ఠు రోగుల కోసం బాబా ఆమ్టే స్థాపించిన ఆనందవనం ఆశ్రమానికి చేర్చారు. ఇంట్లో ఆయన పేరు ఎత్తేవారు కాదు.

మా మహారాష్ట్రలోనే తవ్వకాల్లో బయటపడ్డ పురాతన గ్రామం ఇనాంగావ్ ప్రస్తావన లేకపోవడం కూడా వెలితే. అక్కడ చనిపోయిన పసిపిల్లలను కుండల్లో పెట్టి ఇంటి నేల కిందే పాతిపెట్టేవారు. ఆ పిల్లల పాలపళ్ల పింగాణీలో (పంటి గట్టి పైపొరలో) కనిపించే లోపాలను బట్టి, అది ఏర్పడుతున్నప్పుడు బిడ్డ ఎదుగుదల దెబ్బతిన్నదని చెప్పగలుగుతున్నారు. వీలైతే దాని మీద విడిగా ఒక వ్యాసం రాయండి.