ఫైలింగ్ ఫీజు గారికి, మా వాడి పద్నాలుగో పుట్టినరోజు సందర్భంగా

మహారాజశ్రీ ఐ-485 (అమెరికా గ్రీన్‌కార్డు దరఖాస్తు) ఫైలింగ్ ఫీజు గారి సముఖమునకు,

నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం అడగక్కర్లేదు, 1,440 డాలర్ల దగ్గర నిక్షేపంగా ఉన్నారని తెలుసు. ఉభయకుశలోపరి, మా వాడి దరఖాస్తు ప్యాకెట్ ఈ మధ్యాహ్నం మళ్ళీ తిరిగొచ్చింది.

రెండోసారి.

మీటింగ్ మధ్యలో గుమ్మం దగ్గర దబ్బుమని చప్పుడైతే వెళ్లి చూశాను. బరువును బట్టే తెలిసిపోయింది. దరఖాస్తు తీసుకున్నామని చెప్పే రిసీట్ నోటీసైతే పల్చగా ఉంటుంది, ఒక్క కాగితం. ఇది పెళ్లి ఆల్బమంత ఉంది. విప్పితే పైన రిజెక్షన్ కాగితం, దాని కింద మేము పంపినవన్నీ పంపినట్టే. పాస్‌పోర్టు జిరాక్సులు, డాక్టరు సీలు వేసిన మెడికల్ కవరు, రెండంగుళాల ఫోటోలు. ఫోటో వెనకాల పెన్సిల్‌తో, నొక్కకుండా, తేలిగ్గా పేరు రాయాలి కదా. మా ఆవిడ ఊపిరి బిగబట్టి రాసిన ఆ పేరు అలాగే ఉంది. ఎవరైనా తిప్పి చూశారో లేదో.

తప్పు నాదేనని ముందే ఒప్పుకుంటున్నాను. తమరితో వ్యవహారంలో తప్పెప్పుడూ అవతలివాళ్లదే.

మాది 2013 అక్టోబరు ప్రయారిటీ డేటు, అంటే గ్రీన్‌కార్డు క్యూలో మా స్థానం తేదీ. పన్నెండేళ్లు నెలనెలా, ఏ తేదీ దాకా వంతు వచ్చిందో చెప్పే వీసా బులెటిన్ తెరవడం, ఇండియా అన్న గడి చూడడం, నిట్టూర్చి మూసేయడం. మొన్న అక్టోబరులో డేటు కదిలి, ఫైల్ చేసుకోవచ్చు అన్నారు. దేవుడు వరమిచ్చాడు, ఇక పూజారి వంతు అనుకున్నాను. ఊరికే అన్నమాట అది. పూజారి అంత శ్రద్ధగా పట్టించుకుంటాడని నేననుకోలేదు.

ముందు చెక్కులు రాసి పెట్టుకున్నాను. ఏ ఫారానికి ఆ ఫారానికి విడిగా. అన్నీ కలిపి ఒకే చెక్కు రాస్తే కట్ట కట్టంతా వెనక్కి వస్తుందని తెలిసినవాణ్ణే. టీకాల లెక్క తేలి, మెడికల్ కవరు చేతికొచ్చేసరికి అక్టోబరు 28 దాటింది. ఆ రోజు నుంచి కాగితం చెక్కులు తమరికి పనికిరావు. సరే, చింపేసి కార్డు ఫారాలు నింపాను, జీ-1450లు, పప్పుబెల్లాల్లా ఒక్కో అప్లికేషనుకీ ఒకటి.

నా ఫీజులు కంపెనీ కట్టింది. మా ఆవిడవీ, పిల్లాడివీ నా కార్డు మీద. ఒక ఉదయం వలసల శాఖవాళ్లు గీకడం మొదలుపెట్టారు. మా ఆవిడ 485కి 1,440 పోయింది. పని కార్డుకి 260 పోయింది. ప్రయాణ అనుమతికి 630 పోయింది. నాలుగోది 950, మా వాడిది. అక్కడ మా బ్యాంకుకి అనుమానం వచ్చింది. ఈ ఖర్చు చేస్తున్నది మీరేనా, అయితే యస్ అని పంపండి అని మెసేజ్. అప్పుడు నేను స్నానంలో ఉన్నాను. తల తుడుచుకుంటూ పదకొండు నిమిషాల తర్వాత యస్ అని కొట్టాను. 'థాంక్యూ, ఇప్పుడు మళ్ళీ ప్రయత్నించండి' అంది బ్యాంకు.

ఎవరు ప్రయత్నించాలండీ? కార్డు ఒకసారి కాదంటే రెండోసారి గీకేది లేదు, అది తమరి నియమం. కిరాణా కొట్టు కుర్రాడు కూడా కార్డు పట్టకపోతే చొక్కాకి రుద్ది ఇంకోసారి పెట్టి చూస్తాడు.

నాకూ మా ఆవిడకీ రిసీట్లు వచ్చాయి. పిల్లాడి ప్యాకెట్ మాత్రం గుమ్మంలోకి వచ్చింది.

విడిగా మళ్ళీ ఫైల్ చేయాలంటే లాయరు ఇంకో ఫీజు అడిగాడు. తమరి మేనత్త కొడుకై ఉంటాడు. ఎందుకులే అని నేనే కూర్చున్నాను. ఆదివారమంతా డైనింగ్ టేబుల్ మీద కాగితాలు పరిచి, వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ప్రశ్నలు చదివాను. ఎప్పుడైనా జాతి సంహారంలో పాల్గొన్నారా? నో. ఎవరినైనా చిత్రహింసలు పెట్టారా? 'చెల్లి లెక్కలోకొస్తుందా' అని అడిగాడు. నో అని టిక్కు పెట్టాను.

ఫీజు పట్టిక తీశాను. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకి 950. మా వాడికి పదమూడు. అదే వేశాను, బ్యాంకుకి ముందే చెప్పాను, ప్యాకెట్‌లో మా ఇద్దరి రిసీట్ల కాపీలు కూడా పెట్టాను. ఈ రోజు వచ్చిన కాగితం సారాంశం: ఫీజు సరిపోలేదు. ఎందుకంటే ఆ 950 తల్లిదండ్రుల్లో ఒకరి ఐ-485తో పాటు పంపిన పిల్లలకే. విడిగా వస్తే పాలు తాగే పసివాడికైనా 1,440.

ఆ ముక్క పట్టికలోనే ఉంది, కాదనను. చదివాను కూడా. బుర్రకెక్కలేదు. ఎలా ఎక్కుతుంది? పదమూడేళ్ల పిల్లాడు తల్లిదండ్రులతో కాక ఎవరితో వస్తాడు? మొదటిసారి మాతోనే పంపాము. ఒకే అట్టపెట్టె, ఒకే రోజు, ఒకే కొరియర్. పెట్టెలో వాడి కాగితాలు మా ఆవిడ కాగితాలకీ నా కాగితాలకీ మధ్యన ఉన్నాయి, చిన్నప్పుడు మా మంచం మీద పడుకున్నట్టు. మధ్యలోంచి వాణ్ణి లాగి వెనక్కి పంపింది ఎవరు? పంపి, ఇప్పుడు మీ వాడు మీతో రాలేదు కాబట్టి 490 డాలర్లు ఎక్కువ కట్టమంటున్నది ఎవరు? తిరునాళ్లలో పిల్లాణ్ణి చెయ్యి విడిపించి పక్కకి లాగేసి, తప్పిపోయిన పిల్లల సుంకం కట్టమన్నట్టుంది.

నువ్వు అంటున్నానని ఏమీ అనుకోకు. పన్నెండేళ్ల పరిచయం, ఆ మాత్రం చనువు నాకుంది. 490 కోసం ఏడుస్తున్నానని కూడా అనుకోకు. ఇంకో రెండు వందలు అడిగినా కడతాను, ఆ సంగతి నీకు తెలుసు, అదే నీ ధైర్యం. మా వాడు మాతో పాటు లేడన్నావు చూడు, దానికి మండుతోంది. ఏడాదిన్నర వయసులో వాళ్లమ్మ చంకలో హైదరాబాద్‌లో విమానం ఎక్కినవాడు. వాడి వీసా నా వీసా మీద ఆధారపడిందే. నా ఉద్యోగం పోతే వాడి స్కూలు పోతుంది. అన్ని కష్టాలకీ మాతో కలిపి కట్టేసి, ఒక్క రాయితీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం వాడు విడిగా వచ్చిన మనిషి!

మా ఇంట్లో తలుపు చట్రం మీద వాడి ఎత్తు పెన్సిల్ గీతలున్నాయి. నీకూ అలాంటివి గీస్తే ఎలా ఉంటుందో చూశాను. వాడు పుట్టిన 2012లో నువ్వు వేలిముద్రల ఖర్చుతో కలిపి 1,070. వాడికి నాలుగు దాటాక, 2016 డిసెంబరులో 1,225. పన్నెండు నిండాక, 2024 ఏప్రిల్ ఒకటిన 1,440. వాడికైనా ఈ మధ్య ఎదుగుదల కాస్త నెమ్మదించింది. పైగా నీకు పూర్వం కొసరు ఉండేది. 485 కడితే పని చేసుకునే కార్డూ, దేశం దాటి తిరిగి రావడానికి అడ్వాన్స్ పరోలూ ఊరికే వచ్చేవి, కూరగాయలు కొంటే కొత్తిమీర పెట్టినట్టు. 2024 నుంచి కొత్తిమీరకి 260, కరివేపాకుకి 630. ఆ ఏడాది నిన్ను పెంచినప్పుడు లెక్కలు కూడా ముచ్చటగా పెట్టారు. ఏ ఫీజు వర్తిస్తుందో పోస్టు ముద్ర తేదీని బట్టి చూస్తారట, గడువులోగా వచ్చిందా లేదా అన్నది మాత్రం వాళ్ల చేతికి చేరిన తేదీని బట్టి. ఒకే కవరుకి రెండు జాతకాలు.

మా ఆవిడ వాళ్ల బాబాయ్‌కి ఫోన్ చేసి మొత్తుకుంటే ఆయన నవ్వాడు. ఆయనది 2007 బ్యాచ్. జూలైలో అందరికీ డేట్లు తెరిచామన్నారు, జూలై 2న తూచ్ అన్నారు. మనవాళ్లు గాంధీగిరీ చేసి వలసల శాఖ అధిపతికి పూలగుత్తులు పంపారు. ఆ పూలని ఆయన గాయపడ్డ సైనికుల ఆసుపత్రికి పంపించేశాడు. చివరికి జూలై 17న దిగొచ్చి, ఆగస్టు 17 దాకా తీసుకుంటామన్నారు, అదీ పాత ఫీజుకే. అప్పటి పాత ఫీజంటే వేలిముద్రలతో సహా 395. జూలై 30 నుంచి కొత్తది 1,010. 'మా టైములో ఆ ఫీజు చాలా చవకరా' అని ఆయన నీ గురించి మురిపెంగా చెప్పుకుంటుంటే విన్నాను. పూలు పంపమని నాకూ సలహా ఇచ్చాడు. పూల రిసీట్ వస్తుందా అని అడిగాను.

నా అసలు టెన్షన్ వేరే ఉంది. రైల్వే గేటు సంగతి నీకు తెలీదేమో. మేమిద్దరం పట్టాలు దాటేశాం. పిల్లాడు అవతల నిలబడి ఉన్నాడు. వచ్చే బులెటిన్‌లో డేటు వెనక్కి పోతే గేటు పడుతుంది. మళ్ళీ ఎప్పుడు లేస్తుందో గేటుమాన్‌కే తెలీదు. ఇన్ని నెలల్లో నీకు పోయింది రెండు కొరియర్ ఖర్చులు కూడా కాదు, అవీ నావే.

వచ్చే గురువారం వాడికి పద్నాలుగు నిండుతాయి. నీ లెక్కలో అప్పుడూ 1,440, ఇప్పుడూ 1,440, కాబట్టి ఆ విషయంలో నాకు తొందర లేదు. ఒక్క తేడా మాత్రం వస్తుంది. పద్నాలుగు లోపైతే తల్లో తండ్రో సంతకం పెట్టొచ్చు, నిండాక వాడే పెట్టాలి. ప్యాకెట్ చేరేనాటికి నిండుతుంది కాబట్టి నా సంతకం ఉంటే అదో సాకవుతుంది. అందుకని ఈ సాయంత్రం నుంచి వాడికి సంతకం ప్రాక్టీసు. పుట్టి ఇప్పటిదాకా దేనిమీదా సంతకం పెట్టలేదు వాడు. నువ్వు తిప్పి పంపిన కవరు వెనకాలే పెడుతున్నాడు, ఇరవై దాకా అయ్యాయి. మొదటి అక్షరం తోక జారి గీత దాటి తేదీ గడిలోకి పోతోంది. కుదించరా అంటే, 'నాన్నా, నీ సంతకం చదవడానికే రాదు, దాన్ని ఎలా తీసుకున్నారు' అంటున్నాడు.

ఇట్లు,
తమ విధేయుడు, మూడోసారి

తా.క.: బ్యాంకుకి మళ్ళీ ఫోన్ చేసి 1,440 ఒకటి, 630 ఒకటి వస్తాయి, ఆపకండి అని చెప్పాను. నోట్ చేసుకున్నామన్నారు. అయినా ఈసారి ఫోను జిప్‌లాక్ కవర్లో వేసుకుని స్నానానికి వెళ్తున్నాను.