పాదం తడవని దేవతలకు విన్నపం

శని, ఆదివారాల్లో పదిహేడో నంబరు రహదారి కొండమలుపులు దాటి కాలిఫోర్నియాలోని శాంటా క్రూజ్ వచ్చే బే ఏరియా తెలుగువారికి, సర్ఫింగ్ నేర్చుకునేవారు చేరే కావెల్స్ తీరం సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. అక్కడి అల సాధువు. నెమ్మదిగా లేస్తుంది, చాలాసేపు సాగుతుంది, పడినవారిని పెద్దగా శిక్షించదు. అందుకే మెత్తటి ఫోమ్ బోర్డులు అద్దెకు తెచ్చుకున్న పిల్లలు, పెద్దలు అక్కడే గుంపుగా తేలుతుంటారు. ఫాయిల్ బోర్డు మహాశయుడు వేంచేసేది కూడా సరిగ్గా ఆ గుంపులోకే.

ఆయన బోర్డు కింద సుమారు 70, 80 సెంటీమీటర్ల నిలువు కమ్మీ (మాస్టు), దాని అడుగున కార్బన్ రెక్కలు ఉంటాయి. వేగం అందుకోగానే ఆ రెక్కలు బోర్డును నీటిమీదినుంచి పైకెత్తేస్తాయి. దమయంతి స్వయంవరంలో ఐదుగురు నలులు కూర్చుంటే, రెప్ప పడనివారు, చెమట పట్టనివారు, పాదం నేలకు ఆననివారు దేవతలని ఆమె పోల్చుకున్నది. మన మహాశయుడికి ఈ లక్షణాలన్నీ కలిశాయి. ఎదురుగా ఎవరున్నా ఆయన రెప్ప వేయడు, పాదం తడవదు; చెమటంటారా, అది ఆయన వంతు కూడా మాకే పడుతుంది.

అల విరిగే చోటికి ఎవరు దగ్గరగా ఉంటే ఆ అల వారిదన్నది సర్ఫర్లందరూ పాటించే ధర్మం. అయితే ఫాయిలర్ ఇంకా అలగా విరగని నీటి ఉబ్బుమీదే, మా అందరికీ ఎంతో వెనకాల లేచి నిలబడి, ‘నేను ముందే లేచాను’ అని వాదిస్తాడు. ఈ న్యాయం ప్రకారం ఆయన జపాన్ సమీపంలోని తుఫానుతోపాటే బయలుదేరితే, పసిఫిక్ మహాసముద్రం మొత్తాన్ని ఆయన పేర రిజిస్టరు చేయవలసి ఉంటుంది. పోనీ, ఒక్క అలతో తృప్తిపడతాడా? ఒడ్డుదాకా వచ్చి, కాళ్లతో బోర్డును పైకీ కిందికీ ఊపి పంప్ చేసుకుంటూ మా మధ్యనుంచే వెనక్కి వెళ్లి, కూర్చోకుండానే రెండోది అందుకుంటాడు.

1885లో ఇదే ఊరి శాన్ లొరెంజో నది ముఖద్వారం దగ్గర ముగ్గురు హవాయి రాకుమారులు రెడ్‌వుడ్ చెక్క పలకలపై సర్ఫింగ్ చేశారు. వారు అసలైన రాజవంశీకులే, అయినా వారి పాదాలు తడిశాయి.

ఫాయిలర్లారా, ఇక పరిహాసం చాలు. మీరు పడినప్పుడు బోర్డు తిరగబడి, ఆ రెక్కలు పైకి లేస్తాయి. కాలికీ బోర్డుకూ కట్టిన తాడు, అంటే లీష్, ఎంత పొడవుంటే అంత మేరా పక్కవారి మెడకు ప్రమాదమే. లీష్ కూడా కట్టుకోకపోతే ఇంకా ఘోరం. హెల్మెట్ మీ తలకుంది, అద్దె బోర్డుమీద బోర్లా పడుకొని మీవైపు వీపు పెట్టిన పసిపిల్లకు లేదు. సిగ్గుమాలినతనం ఎక్కడుందంటే, మీ యంత్రానికి ఈ అల అక్కరే లేదు! మేము ముట్టని, విరగని, మోకాలెత్తు ఉబ్బు దానికి చాలు. అటువంటి ఖాళీ నీళ్లు ఈ తీరం పొడవునా ఉన్నాయి. ఎక్కడైనా ఎగరగలిగినవారు, లేచి నిలబడడమే రానివారి నడుమకు వస్తున్నారంటే, చూసేవాళ్లు కావాలనే కదా?

అందరికీ దూరంగా వెళ్లి ఎగరండి. లేదా ఆ రెక్కలు విప్పి కారులో పెట్టి, ఒక ఫోమ్ బోర్డు అద్దెకు తీసుకొని రండి; వరుసలో మీ చోటెక్కడో మేమే చూపిస్తాం.