తెల్ల తువ్వాలు గారికి ఒక అభిమాని లేఖ

మహారాజశ్రీ తెల్ల తువ్వాలు గారికి నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. తమరు కూడా రింగ్ పక్కన ఎవరి భుజమ్మీదో మడత నలగకుండా క్షేమంగా ఉన్నారని తలుస్తాను. క్షేమంగా లేనిదల్లా జపాను మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ (తన్నులు, గుద్దులు, పట్లు అన్నీ చెల్లే పోటీ) యోధుడు కజుషి సకురాబా గారి చెవి. ఆ సంగతికి తర్వాత వస్తాను.

మా వైపు బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరితే సీటు మనదవుతుంది. ఆడేవాడి మనుషులు ఇక చాలని తమరిని రింగ్‌లోకి విసిరితే ఆట ఎదుటివాడిదవుతుంది. అందుకేనేమో తమరిని విసరడానికి ఎవరికీ చెయ్యి రాదు.

ఒకప్పుడు తమరు ఇలా లేరు. 2000 మే 1, టోక్యో డోమ్. సకురాబాతో పోటీకి బ్రెజిల్ జూజిట్సు (పట్ల కుస్తీ) వాళ్లయిన గ్రేసీ కుటుంబం పెట్టిన షరతులు గుర్తున్నాయా? 15 నిమిషాల రౌండ్లు, ఎన్నయినా సరే. రిఫరీ మధ్యలో ఆపకూడదు. అంటే ఎవరైనా ఓటమి ఒప్పుకోవాలి, లేదా తమరు దయచేయాలి. సకురాబా ఏమో ముసుగు తగిలించుకుని, అదే ముసుగులో మరో ఇద్దరిని వెంటేసుకుని వచ్చాడు, అసలు మనిషెవరో కనుక్కోండి చూద్దాం అన్నట్టు. ఎదుటివాడు రాయిస్ గ్రేసీ వేసుకొచ్చిన తెల్లటి గీ (జూజిట్సు దుస్తులు) చొక్కా సకురాబాకు పట్టుకోవడానికి పిడిలా దొరికింది. లాగాడు, తల మీదికి కప్పాడు, కాళ్ల మీద తన్నాడు. 6 రౌండ్లు, 90 నిమిషాలు. చివరికి రాయిస్ కాళ్లు ఇక మోయలేమంటే వాళ్ల అన్నగారు తమరిని విసిరారు.

అంతటితో ఇంటికెళ్లకుండా అదే రాత్రి సకురాబా తనకన్నా బాగా బరువైన ఇగోర్ వొవ్‌చాంచిన్‌తో ఇంకో 15 నిమిషాలు తలపడ్డాడు. అదనపు రౌండ్ అనేసరికి ఆయన వైపు నుంచే తమరు వచ్చారు. ఒకే రాత్రి రెండు డ్యూటీలు, రెండూ టైముకి. ఆ నెల జీతం న్యాయంగా పుచ్చుకున్నారు.

ఆ తర్వాత దీర్ఘకాలిక సెలవు పెట్టినట్టున్నారు. వాండర్లే సిల్వా చేతిలో ఆయన మూడుసార్లు ఓడాడు. ఒకసారి రిఫరీ ఆపాడు, ఒకసారి భుజం చూసి డాక్టరు ఆపాడు, మూడోసారి ఆపడానికేమీ మిగల్లేదు. 2002లో మిర్కో క్రోకాప్ దెబ్బకు కన్ను పాడైతే అప్పుడూ డాక్టరే. 2005లో రికార్డో అరోనా మోకాళ్లతో ముఖం ఆనవాలు పట్టనట్టు చేశాక, రెండో రౌండ్ అయ్యాక, సకురాబా మనుషులకు ఇక చాలనిపించింది. ముఖం ఉబ్బాక వచ్చే తువ్వాలు ఐసు చుట్టుకోవడానికి తప్ప దేనికి పనికొస్తుంది?

న్యాయంగా మాట్లాడాలి గనక ఇదీ చెబుతాను. 2006 ఆగస్టులో స్మిర్నోవాస్ కొట్టిన దెబ్బలకు ఆయన స్పృహ తప్పినట్టే కనిపించాడు. పోటీ ఆగలేదు. ఆయన లేచి, చెయ్యి దొరకబుచ్చుకుని, ఆర్మ్‌బార్ (మోచేతిని విరిచే పట్టు) బిగించి గెలిచేశాడు. నేనూ కేకేసి మంచం మీంచి దూకినవాణ్నే. తమరు పాడైపోయింది అక్కడే అని నా అనుమానం. ఆ ఒక్క గెలుపు చూపించి ‘ఇంకాస్త ఆగుదాం’ అనడం ఎంత తేలికయిందో! మేం దానికి ఓర్పు అని పేరు పెట్టి పూజ చేశాం.

ఆ ఏడాది డిసెంబరు 31న యోషిహిరో అకియామా ఒంటికి క్రీము పూసుకొచ్చాడు. పట్టు మీద బతికేవాడికి ఎదుటివాడి ఒళ్లు జారిపోతే ఇంకేముంది? జారుతోంది మొర్రో అని ఆయన అరుస్తూనే ఉన్నాడు. ఆ పోటీని తర్వాత రద్దు చేశారు. ఒళ్లు తుడవడం తమరి కులవృత్తి కదండీ, కనీసం అప్పుడైనా రావద్దూ?

ఇక చెవి. 2010 డిసెంబరు 31, ఎదురుగా మారియస్ జారోమ్‌స్కిస్. సకురాబా చెవి సగం ఊడి వేలాడింది. ఆపింది మళ్లీ డాక్టరే. 2015లో 46 ఏళ్ల వయసులో షిన్యా అవోకి కింద పడి దెబ్బలు తింటుంటే అప్పటికి తమరికి తీరిక దొరికింది.

2018లో ఆయన క్వింటెట్ అని సొంత పోటీలు మొదలుపెట్టాడు. జట్టుకు ఐదుగురు, పట్లే తప్ప గుద్దుల్లేవు. అక్కడ తమరికి చెమట తుడిచే పని తప్ప ఇంకేం ఉండదు. ఉద్యోగం హాయిగా ఉంటుంది, ఒకసారి విచారించండి.

ఇట్లు,
2010 నాటి ఆ వీడియో చూసినప్పుడల్లా తమరి కోసం ఎదురుచూసే,
ఒక అభిమాని